ప్రాజెక్టు సమాచారం మనుషుల దగ్గరే ఉంది: గుణాత్మక పద్ధతిలో సేకరించడం ఎలా?

ఎంబీఏ, ఎంకాం చివరి సెమిస్టరు ప్రాజెక్టులు ఎక్కువభాగం ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. గూగుల్ ఫారంలో ఇరవై ప్రశ్నలు, వాట్సాప్ గ్రూపుల్లో దాని లింకు, కింద నాలుగు దండం పెట్టే ఎమోజీలు, తోటి విద్యార్థుల నుంచి వంద సమాధానాలు, వాటి మీద రంగురంగుల వృత్తాలు. ప్రాజెక్టు కిరాణా వ్యాపారం మీదైనా ఆ వందమందిలో ఒక్క కిరాణా యజమానీ ఉండరు.

ఎంతమంది, ఎంత శాతం అని తెలుసుకోవాలంటే సర్వే కావాలి, సందేహం లేదు. కానీ వ్యాపారంలో ఒక పని అలాగే ఎందుకు జరుగుతోంది, ఒక నిర్ణయం ఎలా తీసుకుంటున్నారు అన్నది తెలియాలంటే వాళ్ల దగ్గర కూర్చోవాలి, మాట్లాడాలి, చూడాలి. మీ ప్రశ్న కోసమే మీరు స్వయంగా సేకరించేది ప్రాథమిక సమాచారం. అది అంకెల్లో కాకుండా మాటల్లో, సంఘటనల్లో, చూసిన దృశ్యాల్లో ఉంటే గుణాత్మకం. దాన్ని ఎలా సేకరించాలో ఒకే ఉదాహరణతో చెబుతాను. మండల కేంద్రంలోని కిరాణా కొట్లు, వాటిలో నడిచే అరువు.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"కిరాణా రంగంపై డిజిటల్ చెల్లింపుల ప్రభావం: ఒక అధ్యయనం" లాంటి శీర్షిక పెట్టుకోకండి. ప్రభావం అన్న మాటలో ఏదైనా పడుతుంది కాబట్టి చివరికి ఏదీ తేలదు. దానికి బదులు ఇలా అడగండి: "యూపీఐ వచ్చాక కూడా కిరాణా యజమాని ఎవరికి అరువు ఇవ్వాలో, ఎవరికి ఆపాలో ఎలా తేల్చుకుంటారు?" ఇందులో ఒక మనిషి ఉన్నారు, ఒక నిర్ణయం ఉంది, ఆ నిర్ణయం రోజూ మీ కళ్ల ముందు జరుగుతుంది. మీ ప్రశ్నలో ఈ మూడూ లేకపోతే కొట్టు దగ్గరికి వెళ్లి ఏం చూడాలో మీకే తెలియదు.

ఏ పద్ధతి దేనికి?

మనుషులు చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. ఇందులో మోసమేమీ లేదు. రోజూ చేసే పనిని ఎవరూ గమనించుకోరు, అంతే. హెన్రీ మింట్జ్‌బర్గ్ అనే కెనడా పరిశోధకుడు కంపెనీ అధిపతుల పని తెలుసుకోవడానికి అయిదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరి వెంట వారం రోజులు ఉండి, చేసిన ప్రతి పనినీ రాసుకున్నారు. వాళ్ల పనుల్లో సగం తొమ్మిది నిమిషాల లోపే ముగిసిపోతున్నాయని తేలింది. 1973లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధన, మేనేజర్లు నింపాదిగా కూర్చుని ప్రణాళికలు వేస్తారన్న పాఠ్యపుస్తకాల చిత్రాన్ని దెబ్బతీసింది. ఆ అయిదుగురినీ ఊరికే అడిగి ఉంటే ప్రణాళికల గురించే చెప్పేవారేమో.

కాబట్టి జరుగుతున్నది తెలియాలంటే పరిశీలన. జరిగిపోయినది, మనసులో ఉన్న కారణం తెలియాలంటే ఇంటర్వ్యూ. నలుగురూ ఒప్పుకునే, నలుగురూ వాదించుకునే విషయమైతే బృంద చర్చ. అరువు ప్రశ్నకు ఇంటర్వ్యూ ప్రధానం, పరిశీలన దానికి తోడు. అన్ని పద్ధతులూ వాడితే మార్కులు ఎక్కువ వస్తాయనుకుని అన్నీ తలకెత్తుకోకండి.

ఎవరిని కలవాలి, ఎంతమందిని?

ఇక్కడ లాటరీ తీసినట్టు ఎంపిక చేయరు. మీ ప్రశ్నకు జవాబు చెప్పగలవారిని కావాలని వెతుక్కుంటారు. తండ్రి కాలం నుంచి ఉన్న పాత కొట్టు, రెండు మూడేళ్ల కిందట పెట్టిన కొత్త కొట్టు, బస్టాండు పక్కన వచ్చేపోయేవాళ్ల మీద బతికే కొట్టు, కాలనీ లోపల నెలసరి సరుకుల మీద నడిచే కొట్టు. వీటితోపాటు అరువు పూర్తిగా మానేసిన కొట్టు ఒకటైనా ఉండాలి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది అదే. మిగతావాళ్లు ఇవ్వక తప్పదంటున్నదాన్ని ఈ ఒక్కరు ఎలా తప్పించుకున్నారో తెలిస్తే, తప్పదన్న మాట వెనక ఉన్నదేమిటో బయటపడుతుంది.

ఒక యజమాని ఇంకొకరిని పరిచయం చేస్తే సంతోషమే. కానీ ఆయన తన బంధువులనో, వర్తక సంఘంలో తనతో కలిసి తిరిగేవాళ్లనో చూపిస్తారు. అలా ముగ్గురైన తర్వాత ఆ గొలుసు తెంపి వేరే వీధిలో మొదలుపెట్టండి.

సంఖ్య విషయంలో ప్రాజెక్టు గైడ్ తప్పకుండా అడుగుతారు. బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1967లో చెప్పిన కొలబద్ద ఇప్పటికీ వాడుతున్నారు: కొత్తగా కలిసినవాళ్లు కొత్త సంగతేమీ చెప్పనప్పుడు ఆపవచ్చు. పశ్చిమ ఆఫ్రికాలోని రెండు దేశాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను విశ్లేషించి 2006లో ప్రచురించిన ఒక వ్యాసం, ముఖ్యమైన సంగతులన్నీ దాదాపు మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే వచ్చేశాయని చూపింది. ఆ పన్నెండును పట్టుకుని మంత్రంలా జపించకండి. ఒకే రకం మనుషులను, ఒకే విషయం మీద అడిగినప్పటి మాట అది. యజమానులనూ వినియోగదారులనూ ఇద్దరినీ అడుగుతుంటే రెండు వైపులా విడివిడిగా లెక్క చూసుకోవాలి.

కొట్టులోకి అడుగుపెట్టడం

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బెంగళూరులో చాలా కొట్ల ముందు "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అన్న కాగితాలు వెలిశాయి. ఆ వార్త చూసిన యజమాని దగ్గరికి మీరు భుజాన సంచీతో, చేతిలో నోటుపుస్తకంతో వెళ్లి "రోజుకు అమ్మకం ఎంతండీ?" అంటే ఏమవుతుందో ఊహించుకోండి. ముందు మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తారు. తర్వాత "మాదేముందండీ, చిన్న కొట్టు" అంటారు. అక్కడితో ఆ ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

అందుకని మొదటి రోజు ఏమీ అడగకండి. ఏదైనా కొనండి, కాలేజీ పేరు చెప్పండి, ఫలానా పని మీద వచ్చానని, ఎప్పుడు వస్తే వీలుగా ఉంటుందని అడిగి వచ్చేయండి. కాలేజీ ఇచ్చిన ఉత్తరం, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, అడిగితే చూపండి. పొద్దున బోణీ కాకముందు వెళ్లకూడదు. సాయంత్రం బేరాల వేళ వెళితే మీ ప్రశ్నకు వచ్చే సమాధానం "ఊఁ" మాత్రమే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చాలా కొట్లలో ఈగలు తోలుకునే సమయం. అప్పుడు వెళ్లండి. అమ్మకాల లెక్క, ఆదాయం జోలికి అసలు పోకండి. మీ ప్రశ్నకు అవి అక్కర్లేదు కూడా.

అనుమతి అంటే సంతకం మాత్రమే కాదు. ఈ సమాచారం దేనికి, ఎవరు చదువుతారు, పేరూ కొట్టు పేరూ రాయనన్న హామీ, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని, మధ్యలో ఆపేయవచ్చని, ఇవన్నీ మామూలు మాటల్లో చెప్పాలి. కాగితం మీద సంతకమనగానే భయపడేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర నోటిమాటగా అనుమతి తీసుకుని, తేదీ వేసి మీరే రాసుకోండి. కాలేజీలో నైతిక అనుమతుల కమిటీ ఉంటే ఈ ఏర్పాటు ముందే వారికి చెప్పండి. రికార్డింగ్‌కు విడిగా అడగాలి. వద్దంటే వద్దు. ఫోను జేబులో పెట్టి రహస్యంగా రికార్డు చేయడం గురించి ఆలోచించనే వద్దు.

ఖాతా పుస్తకం విషయంలో మరీ జాగ్రత్త. యజమాని ధారాళంగా "చూసుకో బాబూ" అని ముందు పడేయవచ్చు. కానీ అందులో ఉన్నవి ఊళ్లోవాళ్ల పేర్లు, వాళ్ల బాకీలు. మీకు అనుమతి ఇచ్చింది యజమాని, వాళ్లు కాదు. ఫోటో తీయకండి. పేజీ ఎలా విభజించారు, మనిషిని ఏ గుర్తుతో రాసుకున్నారు, తీరిన పద్దును ఎలా కొట్టేస్తారు అన్నది చాలు.

అభిప్రాయం అడగకండి, జరిగింది అడగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

"అరువు వల్ల మీ వ్యాపారానికి లాభమా, నష్టమా?" అని అడిగితే "రెండూ ఉన్నాయండీ" అంటారు. "వినియోగదారుల నమ్మకం ముఖ్యమని భావిస్తున్నారా?" అంటే "అవును, ముఖ్యమే" అంటారు. ఈ సమాధానాలు రాయడానికి కొట్టు దాకా వెళ్లనక్కర్లేదు, ఇంట్లో కూర్చునే రాయవచ్చు. వాటి బదులు ఇలా అడగండి: "చివరిసారి ఎవరికైనా అరువు లేదని చెప్పింది ఎప్పుడండీ? ఆ రోజు ఏం జరిగింది?" ఒక ఫలానా సంఘటనను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్పించే ఈ పద్ధతికి 1954లో జాన్ ఫ్లనగన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రూపం ఇచ్చారు. ఆయన దాన్ని సాధన చేసింది రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన చోదకుల మీద. అది కిరాణా కొట్టులోనూ అంతే బాగా పనిచేస్తుంది.

సంభాషణ ఇలా సాగవచ్చు.

"ఇవ్వక తప్పదు బాబూ, అందరూ తెలిసినవాళ్లే."

"ఈ వారంలో ఇచ్చినవాళ్లలో ఒకరి సంగతి చెప్పండి. పేరు వద్దండీ."

"ఒక తాపీమేస్త్రి. శనివారం కూలి డబ్బులు వస్తాయి, ఆదివారం పొద్దున్నే తెచ్చి కడతాడు."

"ఒక ఆదివారం రాకపోతే?"

"ఒక వారం చూస్తాను. రెండో వారం వాళ్లావిడ వచ్చి లీటరు నూనె అడిగితే అర లీటరు ఇస్తాను. ఆమెకు అర్థమవుతుంది."

ఆ చివరి మాట చూడండి. అరువు ఆపడమంటే ఒక్కసారిగా లేదనడం కాదని, సరుకు తగ్గించి సంకేతం పంపే పద్ధతి ఒకటుందని అందులో దొరికింది. "మీ రుణ విధానం ఏమిటి?" అని అడిగితే ఇది వచ్చేది కాదు. ఇక మీ పని ఆ దారం పట్టుకుని పోవడమే. ఏ సరుకు తగ్గిస్తారు, ఏది తగ్గించరు? బియ్యం కూడా తగ్గిస్తారా? పిల్లల పాల సంగతేమిటి?

ఆరేడు అంశాలు ఒక చీటీ మీద రాసుకోండి, వరుసగా చదవకండి. యజమాని మాట పక్కకు పోయినా వెంటనే లాగకండి. చికాగో పక్కన సిసెరోలో ఉన్న హాథార్న్ కర్మాగారంలో 1928లో కార్మికులతో ఇంటర్వ్యూలు మొదలుపెట్టినప్పుడు ముందే రాసుకున్న ప్రశ్నలే అడిగేవారు. కార్మికులు ఆ ప్రశ్న వదిలేసి తమ మనసులో ఉన్నదే చెప్పసాగారు. దాంతో మరుసటి ఏడాది పద్ధతి మార్చి, వాళ్లను మాట్లాడనిచ్చి వినడం మొదలుపెట్టారు. అరగంట ఇంటర్వ్యూ గంట, గంటన్నర దాకా సాగింది. అలా 20,000 మందికి పైగా కార్మికులను కలిశారు. మేనేజ్‌మెంట్ తరగతుల్లో హాథార్న్ అంటే దీపాల వెలుతురు ప్రయోగమే చెబుతారు గానీ, ప్రాజెక్టు చేసేవారికి పనికొచ్చే పాఠం ఈ ఇంటర్వ్యూల్లోనే ఉంది.

ఇంకో రెండు చిన్న మెళకువలు. జవాబు ముగిసిందనిపించగానే తర్వాతి ప్రశ్న వేయకుండా నాలుగైదు సెకన్లు ఊరుకోండి. చాలామంది అసలు సంగతి అప్పుడే చెబుతారు. రెండోది, పుస్తకాల భాష వదిలేయండి. "బకాయి వసూలు వ్యూహం" అనకండి, "బాకీ ఎలా రాబడతారు?" అనండి.

చూడటం, రాసుకోవడం

అనుమతి తీసుకుని, బేరానికి అడ్డం రాకుండా ఒక పక్కన స్టూలు మీద కూర్చోండి. మొదట్లో యజమాని మీ కోసం కొంచెం మర్యాదగా వ్యాపారం చేస్తారు. నాలుగు పూటలు పోతే మిమ్మల్ని మరచిపోతారు. మీ నోట్సు అప్పటి నుంచి బాగుపడుతుంది.

పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కంటికి కనిపించింది, చెవికి వినిపించింది. కుడివైపు మీ అనుమానాలు, ఊహలు. ఎడమవైపు ఇలా ఉండాలి:

"సాయంత్రం 6.40. బడి దుస్తుల్లో పాప, పదేళ్లు ఉండవచ్చు. చీటీ ఇచ్చింది. యజమాని చదివి, కందిపప్పు, చింతపండు కట్టి ఇచ్చారు. షాంపూ ప్యాకెట్లు ఇవ్వలేదు. 'అమ్మను ఒకసారి రమ్మను' అన్నారు. పుస్తకంలో వెంటనే రాయలేదు, పాప వెళ్లాక రాశారు."

కుడివైపు: "వంట సరుకు ఇచ్చి షాంపూ ఎందుకు ఆపారు? పిల్ల ముందు రాయకపోవడం కావాలనేనా? రేపు అడగాలి." ఎడమవైపు "యజమాని కఠినంగా ప్రవర్తించారు" అని రాస్తే ఆ దృశ్యం పోయినట్టే. మీ తీర్పు మిగులుతుంది, జరిగింది మిగలదు. ఆ నోట్సును ఆ రాత్రే విస్తరించి రాయండి. తెల్లవారితే సగం ఆవిరవుతుంది.

బాకీ ఉన్న మనిషి కొట్టుకు వచ్చినప్పుడు కాసేపు లేచి అటు వెళ్లడం కూడా పరిశోధకుడి మర్యాదే. ఊళ్లో పరువు సంగతి అది.

బృంద చర్చ పెడితే

1941లో న్యూయార్క్‌లో రేడియో కార్యక్రమాల మీద శ్రోతల స్పందన తెలుసుకుంటున్నారు. నచ్చితే ఆకుపచ్చ బొత్తాం, నచ్చకపోతే ఎర్ర బొత్తాం నొక్కాలి. ఎప్పుడు ఏది నొక్కారో యంత్రం చెప్పేది గానీ ఎందుకో చెప్పేది కాదు. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ శ్రోతలనే కూర్చోబెట్టి ఎందుకని అడగడం మొదలుపెట్టారు. ఈనాటి ఫోకస్ గ్రూపులకు, అంటే బృంద చర్చలకు, మూలం అదే.

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. యజమానులనూ వినియోగదారులనూ కలిపి కూర్చోబెడితే ఎవరూ నోరు విప్పరు. యజమానులు మాత్రమే ఉన్నా, తమ బాకీల సంగతి పోటీదారు ముందు చెప్పరు. అదే డిస్ట్రిబ్యూటర్ల స్కీముల గురించో, పెద్ద సూపర్‌మార్కెట్ల ధరల గురించో అడగండి, ఆపడం మీ తరం కాదు. కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సినదాన్ని ఇక్కడికి తేకండి. మహిళల వైపు వినాలంటే డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. కానీ సంఘం లీడరు అందరి తరఫునా తనే మాట్లాడేస్తారు. ఆమెతో ముందే విడిగా మాట్లాడి, చర్చలో మొదటి మాట మరొకరికి ఇవ్వండి. నోట్సు రాయడానికి స్నేహితుల్లో ఒకరిని తీసుకెళ్లండి. నడిపే మనిషే రాస్తూ కూర్చుంటే కుదరదు.

వీలుంటే ఇద్దరు ముగ్గురు యజమానులను వారం పాటు రోజుకొక వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపమనండి: ఈరోజు అరువు విషయంలో ఏం జరిగింది? డైరీ పద్ధతికి ఇది సులువైన రూపం. రాయడం బద్ధకమైనవాళ్లు కూడా రాత్రి కొట్టు కట్టేశాక మాట్లాడతారు.

రికార్డింగ్ నుంచి కాగితం మీదికి

గంట రికార్డింగ్‌ను అక్షరాల్లోకి మార్చడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. యంత్రంతో రాయించినా మొత్తం విని సరిచూసుకోవాలి. ఫ్యాను చప్పుడు, మధ్యలో బేరాలు, యాస, అన్నీ కలిసి యంత్రాన్ని తికమకపెడతాయి. వాళ్లు ఎలా మాట్లాడారో అలాగే తెలుగులో రాయండి, గ్రాంథికం చేయకండి. నివేదిక ఇంగ్లిష్‌లో ఇవ్వాలంటే వాడుకునే మాటలు మాత్రమే అనువదించి, తెలుగు మూలం అనుబంధంలో ఇవ్వండి.

ప్రతి కొట్టుకూ ఒక సంకేతం పెట్టండి: కొ-1, కొ-2. ఏ సంకేతం ఎవరిదో తెలిపే కాగితం వేరేచోట దాచండి. ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉండాలి, ఆ రెండు చోట్లూ ఒకే గదిలో ఉండకూడదు. మైసూరు ప్రాంతంలోని రాంపుర గ్రామం మీద సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ తయారుచేసుకున్న నోట్సు ప్రతులన్నీ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయాయి. ఆయన జ్ఞాపకాల మీద ఆధారపడి పుస్తకం రాయగలిగారు. మనకు అంత జ్ఞాపకశక్తి ఉందని నమ్మకం పెట్టుకోకుండా ఉండటం మంచిది.

అన్నీ అయ్యాక చదువుదామని ఆగకండి. రెండు మూడు ఇంటర్వ్యూలు కాగానే చదివి, ప్రతి పేరా పక్కన అందులో ఏముందో రెండు మాటల్లో రాయండి: "సరుకు తగ్గించి సంకేతం", "కూలి రోజును బట్టి గడువు", "పిల్లల ముందు రాయకపోవడం". ఇవి ఎక్కడెక్కడ మళ్లీ వస్తున్నాయో, ఎక్కడ తలకిందులవుతున్నాయో చూసి తర్వాతి ఇంటర్వ్యూకు ప్రశ్నలు మార్చండి. మీ ఊహకు సరిపోని కొట్టు కనిపిస్తే దాన్ని వదిలేయకండి, అక్కడికి ఇంకోసారి వెళ్లండి.

నివేదికలో ఏం రాయాలి?

ఎన్ని కొట్లను అడిగారు, ఎన్ని కాదన్నాయి, ఎలా ఎంచుకున్నారు, ఎప్పుడు వెళ్లారు, ఎందుకు ఆపారు, రికార్డింగ్ ఎక్కడ ఒప్పుకోలేదు, ఇవన్నీ పద్ధతుల అధ్యాయంలో దాచకుండా రాయండి. కొట్టు యజమాని మీకు మేనమామ అయితే అదీ రాయండి. పన్నెండు మందితో మాట్లాడి "67 శాతం యజమానులు" అని మాత్రం రాయకండి. అది చూసి పరీక్షకుడు మిగతా యాభై పేజీలు చదవరు. "చాలా కొట్లలో", "రెండు కొట్లలో మాత్రం" అని రాసి, వాళ్ల మాటలు సంకేతంతో సహా ఉదహరించండి.

మౌఖిక పరీక్షలో "పన్నెండుతో రాష్ట్రమంతటికీ ఎలా చెబుతారు?" అన్న ప్రశ్న ఖాయం. రాష్ట్రమంతటికీ చెప్పడం లేదని ఒప్పుకోండి. అరువు ఎలా తగ్గుతుందన్న క్రమాన్ని ఇక్కడ చూశానని, అది ఎన్ని కొట్లలో ఉందో తేల్చడానికి సర్వే చేయాలని, ఆ సర్వేలో ఏ ప్రశ్నలు ఉండాలో ఇప్పుడు తెలిసిందని చెప్పండి. అనుబంధంలో మీ అంశాల చీటీ, అనుమతి పత్రం నమూనా, ఒక ఇంటర్వ్యూ పూర్తి పాఠం పేర్లు తీసేసి పెట్టండి. తాపీమేస్త్రి అన్న మాట కూడా మార్చండి. ఆ వీధిలో తాపీమేస్త్రి ఒక్కరే ఉండవచ్చు.